సాంబ్రాణికీ నీలికీ మధ్య

సాంబ్రాణి పొగ ఎరగని తెలుగు ఇల్లు అరుదు. పసిబిడ్డకు తలంటి పోశాక జుట్టు ఆరడానికి ఓ బుట్ట బోర్లించి కింద నిప్పుల మీద చిటికెడు పొడి వేస్తారు. శుక్రవారం పూట దేవుడి గదిలోనూ అదే పొగ. నీలి కూడా అంతే పాత చుట్టం. కడప, నెల్లూరు సీమల్లో ఒకప్పుడు నీలి చెట్టు పండించి, ఆకు నానబెట్టి, చిలికి, ముద్దకట్టి ఓడలకెక్కించారు. కలంకారీ బట్ట మీది నీలం ఆ చెట్టు ఇచ్చిందే.

రసాయనశాస్త్రంలో రెండు ముఖ్యమైన పదార్థాలకు ఈ రెండు సరుకుల నుంచే పేర్లు వచ్చాయి. ఒకటి బెంజీన్, రెండోది అనిలిన్. బెంజీన్ పేరులో సాంబ్రాణి ఉంది, అనిలిన్ పేరులో నీలి ఉంది. మొదటి దాని నుంచి రెండో దానికి పోవాలంటే దారిలో ఒక మజిలీ ఉంది. లేత పసుపు రంగులో, నూనెలా జారుతూ, చేదు బాదం వాసన వేసే ఆ ద్రవం పేరు నైట్రోబెంజీన్. దుకాణంలో అడిగి కొనుక్కునేవాళ్లు దాదాపు లేరు. కానీ దాని గుండా నడిచి వచ్చిన వస్తువు లేని ఇల్లు కూడా దాదాపు లేదు.

పేరు వెనక ధూపం

సుమత్రా, జావా దీవుల నుంచి వచ్చే సాంబ్రాణి బంకను అరబ్బు వర్తకులు 'లుబాన్ జావీ' అన్నారు, అంటే జావా ధూపమని. ఐరోపా భాషల్లో ఆ మాట అరిగి అరిగి 'బెంజాయిన్' అయింది. ఆ బంకను వేడిచేస్తే పైకి లేచి తెల్లని పలుకులుగా పేరుకునే ఆమ్లం బెంజోయిక్ ఆమ్లం. 1833లో బెర్లిన్‌లో ఐల్‌హార్డ్ మిచర్లిష్ అనే రసాయనవేత్త ఈ ఆమ్లాన్ని సున్నంతో కలిపి వేడిచేసి, తేలికగా ఆవిరయ్యే ఒక ద్రవాన్ని రాబట్టాడు. దానికి ఆయన పెట్టిన పేరు నుంచే తర్వాత 'బెంజీన్' అన్న మాట స్థిరపడింది. అదే ద్రవాన్ని 1825లోనే లండన్‌లో మైకేల్ ఫారడే దీపాల గ్యాసు మిగిల్చిన నూనెలో కనిపెట్టాడు. అయితే నిలిచిన పేరు సాంబ్రాణిదే.

మరుసటి ఏడు, 1834లో, మిచర్లిష్ బెంజీన్‌ను గాఢ నత్రికామ్లంతో కలిపి చూశాడు. తేలికైన బెంజీన్ కాస్తా బరువైన పచ్చని నూనెగా మారింది. బెంజీన్ నీటి మీద తేలుతుంది, ఈ కొత్త నూనె నీట మునిగింది. నైట్రోబెంజీన్ చరిత్ర అక్కడ మొదలైంది.

గాజు కుప్పెలో ఏం జరుగుతుంది?

నైట్రోబెంజీన్ తయారీ కళాశాల రసాయన పాఠాల్లో పాత ప్రయోగం. మంచు నీటిలో ఉంచిన గుండ్రటి కుప్పెలో గాఢ నత్రికామ్లం, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలుపుతారు. అందులో బెంజీన్‌ను కొద్దికొద్దిగా వేస్తూ, వేసిన ప్రతిసారీ కుదుపుతారు. కుప్పె తనంతట తానే వేడెక్కుతుంది. ఆ వేడి అరవై డిగ్రీలు దాటకుండా థర్మామీటరు మీద కన్నేసి ఉంచడమే ఈ ప్రయోగంలో అసలు పని. తొందరపడి ఒకేసారి పోస్తే వేడి చేయి దాటిపోతుంది. చివరికి మిశ్రమాన్ని చన్నీళ్లలో ఒంపితే బీకరు అడుగున పసుపుపచ్చని నూనె బొట్లు ఒక్కొక్కటే దిగి, ఒకదానితో ఒకటి కలిసి ఓ మందపాటి పొరగా కుదురుకుంటాయి. బెంజీన్ ఆవిరి, నైట్రోబెంజీన్ ఆవిరి రెండూ ఒంటికి కీడు చేసేవే కాబట్టి ఇది గాలిని బయటికి లాగే అర కింద, తెలిసినవాళ్ల సమక్షంలో మాత్రమే చేయాల్సిన పని.

రెండు ఆమ్లాలు ఎందుకు? బెంజీన్ వలయం మొండిది. ఆరు కార్బన్లు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి, తమ ఎలక్ట్రాన్లను అందరూ ఉమ్మడిగా పంచుకుంటాయి. ఆ పొత్తు చెడగొట్టడం తేలిక కాదు. నత్రికామ్లం ఒంటరిగా వెళ్లి తలుపు తడితే మెల్లగా తప్ప స్పందించదు. సల్ఫ్యూరిక్ ఆమ్లం తోడైనప్పుడు అది నత్రికామ్లానికి ఒక ప్రోటాన్ అంటగట్టి, దాని నుంచి నీటి అణువును ఊడదీస్తుంది. మిగిలేది ఒక నైట్రోజన్, రెండు ఆక్సిజన్లు, ఒక ధన విద్యుదావేశం. దీన్ని నైట్రోనియం అయాన్ అంటారు. ఎలక్ట్రాన్ల కోసం ఆవురావురుమనే ఈ అయాన్‌కు బెంజీన్ మీది ఎలక్ట్రాన్ మబ్బు కనిపిస్తే ఆగదు. వెళ్లి ఒక కార్బన్‌కు అతుక్కుంటుంది, అక్కడున్న హైడ్రోజన్ వైదొలగుతుంది. వలయం మళ్లీ తన పొత్తులోకి వస్తుంది. ఇదంతా ఊహ కాదని, నైట్రోనియం నిజంగానే ఈ పని చేస్తుందని యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందిన క్రిస్టఫర్ ఇంగోల్డ్, ఎడ్వర్డ్ హ్యూస్‌ల బృందం ఇరవయ్యో శతాబ్దం నడుమ నిరూపించింది.

వలయంలో చేరిన నైట్రో గుంపు ఊరికే ఉండదు. ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కుంటుంది. దాంతో వలయం పేదదవుతుంది, రెండో నైట్రో వచ్చి చేరడం చాలా కష్టమవుతుంది. కర్మాగారంలో ఇది పెద్ద సదుపాయం. ఒక్క నైట్రో దగ్గర చర్యను ఆపడం సులువు. పట్టుబట్టి వలయానికి మరిన్ని నైట్రోలను తగిలించిన పదార్థాలు పేలుడు సామగ్రి కుటుంబంలోకి వెళ్లిపోతాయి. ఒక్క నైట్రోతో ఆగినది మాత్రం రంగులకూ మందులకూ నురుగు పరుపులకూ ముడిసరుకు అయింది.

చేత్తో పట్టుకోకుండా, కంటితో చూస్తే

ఆరు కార్బన్లు, ఐదు హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్, రెండు ఆక్సిజన్లు. ఇంతే దీని అణువు. లీటరు నీరు కిలో తూగితే నైట్రోబెంజీన్ లీటరు కిలో రెండు వందల గ్రాములు తూగుతుంది. 211 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. దాదాపు 6 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. లంబసింగిలో పుష్యమాసపు తెల్లవారుజామున ఆరుబయట సీసా పెడితే పచ్చటి స్ఫటికాలు కట్టవచ్చు. లీటరు నీటిలో సుమారు రెండు గ్రాములు మాత్రమే కరుగుతుంది. నూనెల్లో, కొవ్వుల్లో, ఆల్కహాలులో, ఈథర్లో మాత్రం ఇష్టంగా కలిసిపోతుంది.

ఈ చివరి గుణం గుర్తుపెట్టుకోదగ్గది. కొవ్వులో కరిగేది చర్మంలోంచి సులువుగా లోపలికి దిగుతుంది.

దీని అణువులో ఒక కొసన ధన విద్యుదావేశం, మరో కొసన రుణావేశం స్పష్టంగా వేరుపడి ఉంటాయి. బలమైన విద్యుత్ క్షేత్రంలో పెడితే అణువులన్నీ ఒక వరసన తల తిప్పుకుంటాయి, అప్పుడు ద్రవం గుండా పోయే కాంతి తీరు మారుతుంది. 1875లో స్కాట్లాండ్‌కు చెందిన జాన్ కెర్ కనిపెట్టిన ఈ ప్రభావం నైట్రోబెంజీన్‌లో బాగా బలంగా కనిపిస్తుంది. అందుకే గాజు పెట్టెలో ఈ ద్రవం నింపి, రెండు పలకల మధ్య విద్యుత్తు పెట్టి తీస్తూ కాంతికి తలుపులా వాడారు. కనురెప్ప వేసేలోపు లక్షలసార్లు తెరుచుకుని మూసుకునే తలుపు అది. 1920ల చివర జర్మనీలో ఆగస్ట్ కరోలస్ తొలినాటి టెలివిజన్ ప్రయోగాలకూ, కాంతి వేగాన్ని కొలవడానికీ ఇలాంటి 'కెర్ సెల్' వాడాడు. ద్రవాల్లో ఈ ప్రభావానికి సిద్ధాంతం చెబుతూ 1927లో కలకత్తా నుంచి సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ ఒక వ్యాసం ప్రచురించారు.

బాదం వాసన వేసిన సబ్బు

నైట్రోబెంజీన్‌కు లోకంలో మొదట దొరికిన కొలువు పరిమళ ద్రవ్యంగా. నిజమైన చేదు బాదం నూనె ఖరీదైనది. అందులో ఉండే బెంజాల్డిహైడ్ వాసనకూ నైట్రోబెంజీన్ వాసనకూ చాలా దగ్గరి పోలిక. పైగా నైట్రోబెంజీన్ చవక, సబ్బులోని క్షారానికి చెడదు. పంతొమ్మిదో శతాబ్దం నడుమ ఫ్రాన్స్‌లో, ఇంగ్లండ్‌లో 'మిర్బేన్ సారం' అనే ముచ్చటైన పేరుతో దీన్ని సీసాల్లో అమ్మారు. సబ్బుల్లో కలిపారు. మిఠాయిల్లోకి కూడా చేరింది.

వాసన ఒకటే, గుణం వేరు. మిర్బేన్ తిన్నవాళ్లు, దాని ఆవిరి పీల్చినవాళ్లు కొన్ని గంటలకు నీలంగా మారి పడిపోయారు. చావులూ జరిగాయి. తోలు రంగుల్లో, బూట్ పాలిష్‌లో దీన్ని వాడిన రోజుల్లో కొత్తగా రంగు వేసిన బూట్లు తడి ఆరకముందే తొడుక్కుని తిరిగిన కుర్రాళ్లు పెదవులు నల్లబడి ఆస్పత్రుల పాలైన ఉదంతాలు వైద్య పత్రికలకెక్కాయి. పాదాల చర్మం గుండా, ఆవిరి రూపంలో ఊపిరితిత్తుల గుండా విషం ఒంట్లోకి దిగింది. నైట్రోబెంజీన్ వాసన ఎలా ఉంటుందని ఇవాళ్టి పుస్తకాలు చెప్పేటప్పుడు 'చేదు బాదం' తర్వాత రాసే మాట 'బూట్ పాలిష్'.

నాలుగు పేర్లు, ఒకే పదార్థం

ఇక నీలి కథ. 1826లో జర్మనీలో ఓటో ఉన్‌ఫెర్డార్బెన్ నీలిమందును కొలిమిలో వేడిచేసి ఒక నూనె రాబట్టి 'క్రిస్టలిన్' అన్నాడు. 1834లో ఫ్రీడ్‌లీబ్ రుంగే బొగ్గు తారులోంచి, బ్లీచింగ్ పౌడర్ తగిలితే నీలంగా మారే ఒక పదార్థం తీసి 'క్యానోల్' అన్నాడు. 1840 ప్రాంతంలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కార్ల్ ఫ్రిట్‌షే నీలిని క్షారంతో కాచి రాబట్టిన నూనెకు 'అనిలిన్' అని పేరుపెట్టాడు. పోర్చుగీసు వాళ్లు నీలి చెట్టును 'అనిల్' అనేవారు. అది అరబ్బుల 'అన్‌-నీల్', దాని మూలం సంస్కృతంలోని 'నీల'.

1842లో రష్యాలోని కజాన్ విశ్వవిద్యాలయంలో నికొలాయ్ జినిన్ నైట్రోబెంజీన్‌ను అమ్మోనియం సల్ఫైడుతో కలిపి చూశాడు. నైట్రో గుంపులోని ఆక్సిజన్లు పోయి, వాటి చోట హైడ్రోజన్లు వచ్చి చేరాయి. వచ్చిన పదార్థానికి 'బెంజిడామ్' అని పేరుపెట్టాడు. మరుసటి ఏడు జర్మనీలోని గీసెన్‌లో ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్‌మన్ ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి పరీక్షించి, నాలుగూ ఒక్కటేనని తేల్చాడు. నాలుగు పేర్లలో నీలి పేరే మిగిలింది.

జినిన్ చేసిన పని చిన్నదిగా కనిపిస్తుంది, నిజానికి అది గొప్ప మలుపు. బెంజీన్ వలయానికి నేరుగా అమైన్ గుంపును తగిలించడం సులభం కాదు. ముందు నైట్రో తగిలించి, తర్వాత దాన్ని క్షయకరణం చేయడం తేలిక. అక్కడి నుంచి నైట్రోబెంజీన్ ఒక గుమ్మం అయింది. ఆ గుమ్మం దాటితే రంగుల ప్రపంచం.

బొగ్గు తారు నుంచి ఊదారంగు దాకా

గుమ్మం దాటాలంటే బెంజీన్ కావాలి. సాంబ్రాణి నుంచి తీస్తే పరిశ్రమ నడవదు. హాఫ్‌మన్ శిష్యుడు చార్లెస్ మాన్స్‌ఫీల్డ్ 1840ల చివర బొగ్గు తారులోంచి బెంజీన్‌ను పెద్ద మొత్తంలో వేరుచేసే పద్ధతి కనిపెట్టాడు. అప్పటిదాకా గ్యాసు కంపెనీలు ఎక్కడ పారబోయాలో తెలియక సతమతమైన నల్లటి తారు ఒక్కసారిగా గని అయిపోయింది. 1855 ఫిబ్రవరిలో పారిస్ ప్రదర్శనకు బెంజీన్ సిద్ధం చేస్తుండగా బట్టీ పొంగి మంటలంటుకున్నాయి. ఇల్లు తగలబడకూడదని మండుతున్న పాత్రను మాన్స్‌ఫీల్డ్ వీధిలోకి మోసుకుపోయాడు. ఆ కాలిన గాయాలతోనే కొద్ది రోజులకు కన్నుమూశాడు.

ఆ మరుసటి ఏడు, 1856 ఈస్టర్ సెలవుల్లో, హాఫ్‌మన్ మరో శిష్యుడు విలియం హెన్రీ పెర్కిన్ లండన్‌లో ఇంటి మేడ మీది చిన్న ప్రయోగశాలలో మలేరియా మందు క్వినైన్ తయారుచేయాలని కూర్చున్నాడు. వయసు పద్దెనిమిది. అనిలిన్‌ను పొటాషియం డైక్రోమేటుతో కలిపితే నల్లటి మడ్డి వచ్చింది. పారేయకుండా ఆల్కహాలుతో కడిగాడు. సీసా నిండా ఊదారంగు! పట్టు గుడ్డ ముంచితే రంగు పట్టింది, ఉతికినా పోలేదు. అదే 'మావ్', మొదటిసారి వ్యాపారంగా నిలిచిన కృత్రిమ రంగు.

రంగు కనిపెట్టడం ఒక ఎత్తు, అమ్ముకునేంత చేయడం మరో ఎత్తు. టన్నుల లెక్కన అనిలిన్ కావాలి, అంటే అంతకు మించి నైట్రోబెంజీన్ కావాలి. అంతవరకు గాజు కుప్పెల్లో తప్ప చేయనిదాన్ని పెర్కిన్ గ్రీన్‌ఫర్డ్‌లో పెట్టిన ఫ్యాక్టరీలో ఇనుప పాత్రల్లో చేయడం నేర్చుకున్నాడు. దాన్ని అనిలిన్‌గా మార్చడానికి ఫ్రెంచివాడైన ఆంత్వాన్ బెషాం 1854లో చెప్పిన పద్ధతి, ఇనుప రజను, ఆమ్లం, చేతికందింది. ఆ చర్యలో మిగిలే ఇనుప తుప్పును కూడా ఇరవయ్యో శతాబ్దంలో జర్మన్లు వదల్లేదు. దాన్ని శుద్ధిచేసి పసుపు, ఎరుపు, నలుపు పెయింట్లుగా అమ్మారు.

ఎంతటి గిరాకీ అంటే, కంపెనీల పేర్లే అనిలిన్ అయ్యాయి. బీఏఎస్ఎఫ్ అన్న నాలుగక్షరాల్లో రెండోది అనిలిన్. ఒకప్పుడు తెలుగు ఊళ్లలోని ఫొటో స్టూడియోల్లో కూడా కనిపించిన అగ్ఫా ఫిలిం డబ్బా మీది పేరుకు పూర్తి రూపం 'అనిలిన్ తయారీ కంపెనీ'.

నీలి తిరిగి నీలికి

నీలి చెట్టుకు ఈ కథ చేదుగా ముగిసింది. మద్రాసు రాజధాని నుంచి వెళ్లిన నీలిలో ఒక రకాన్ని లండన్ వర్తకులు 'కుర్పా' అనేవారు, అది కడప పాత పేరే. నీలి అణువు నిర్మాణం విప్పే పనిలో అడాల్ఫ్ ఫాన్ బేయర్ ఏళ్లకు ఏళ్లు గడిపాడు. 1882లో ఆయన, విగ్గో డ్రూసెన్ కలిసి నీలిని ప్రయోగశాలలో చేసిన ఒక దారిలో మొదటి సరుకు నైట్రో గుంపు ఉన్న బెంజాల్డిహైడ్. దాన్ని ఎసిటోన్‌తో కలిపి కొంచెం క్షారం వేస్తే కళ్లముందే ద్రవం నీలంగా మారుతుంది. ఇవాళ్టికీ విద్యార్థులకు చేసి చూపే ప్రయోగం అది. కానీ ఆ ముడిసరుకు ఖరీదు, అందుకే ఫ్యాక్టరీకి ఎక్కలేదు.

బీఏఎస్ఎఫ్ కంపెనీ 1897లో నాఫ్తలీన్ నుంచి మొదలుపెట్టిన దారిలో కృత్రిమ నీలిని బజారుకు తెచ్చింది. కొద్ది ఏళ్లకే, 1901లో యోహనెస్ ఫ్లేగర్ కనిపెట్టిన మెరుగుతో, అనిలిన్ నుంచే నీలిని చవకగా చేయడం సాధ్యమైంది. నీలిని కాచి పుట్టించిన అనిలిన్ ఇప్పుడు నీలిని పుట్టించింది. కడపలో, బెంగాల్లో, బీహార్లో నీలి మళ్లు తరిగిపోయాయి. బీహార్ నీలి రైతుల కష్టం 1917లో గాంధీజీని చంపారన్‌కు రప్పించిన సంగతి తెలిసిందే. ఇవాళ కుర్రకారు తొడుక్కునే జీన్స్ ప్యాంటు నీలం దాదాపు అంతా ఫ్యాక్టరీ నీలే. దాని వంశవృక్షం పైకి పాకుతూ పోతే అనిలిన్, ఆపైన నైట్రోబెంజీన్, ఆపైన బెంజీన్ కనిపిస్తాయి.

ఫ్రిజ్ గోడలో, మాత్రల డబ్బాలో

ప్రపంచంలో తయారయ్యే నైట్రోబెంజీన్‌లో నూటికి తొంభై ఐదు పాళ్ల దాకా అనిలిన్‌గా మారడానికే పోతుంది. ఇనుప రజను రోజులు చాలావరకు పోయి, ఉత్ప్రేరకం మీద హైడ్రోజన్ పంపే పద్ధతి వచ్చింది. ఆ అనిలిన్‌లో అధిక భాగం ఇప్పుడు రంగులకు కాదు, పాలీయురెథేన్‌కు పోతుంది. ఫ్రిజ్ రెండు రేకుల మధ్య చలిని పట్టి ఉంచే పసుపుపచ్చ నురుగు, చెప్పుల మెత్తటి అట్ట దాని బిడ్డలే. టైర్ల రబ్బరు త్వరగా పగలకుండా కలిపే రసాయనాలూ ఆ కుటుంబానివే.

మందుల సంగతికి వస్తే, జ్వరం మాత్ర పారాసెటమాల్‌ను మొదట 1878లో హార్మన్ మోర్స్ తయారుచేసింది నైట్రో గుంపు ఉన్న ఫినాల్ నుంచే. హైదరాబాదు కంపెనీలు కూడా టన్నుల కొద్దీ చేసే ఆ మాత్రకు కావలసిన పారా అమైనోఫినాల్‌ను ఇవాళ్టికీ నైట్రోబెంజీన్ నుంచో, దాని దగ్గరి చుట్టం నైట్రోక్లోరోబెంజీన్ నుంచో రాబడతారు.

టైఫాయిడ్ కథలో నైట్రో గుంపు ఇంకా చిత్రంగా దర్శనమిస్తుంది. 1947లో వెనిజులా మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ బయటపడింది. దాని అణువు విప్పి చూసిన రసాయనవేత్తలు నివ్వెరపోయారు. బెంజీన్ వలయం, దానికి తగిలించి నైట్రో గుంపు! మనిషి కుప్పెల్లో చేసేదనుకున్న పనిని మట్టిలోని జీవి ఎప్పటినుంచో చేస్తోంది. అమెరికాలో మిల్‌డ్రెడ్ రెబ్‌స్టాక్ పాల్గొన్న బృందం 1949లో దీన్ని కృత్రిమంగా తయారుచేసింది. వారాల తరబడి మంచాన పడేసి ప్రాణాలు తీసిన టైఫాయిడ్‌కు అది మొట్టమొదటి నమ్మకమైన మందు. అరుదుగా ఎముక మజ్జను దెబ్బతీస్తుందని తేలాక వాడకం తగ్గింది. కంటి చుక్కలుగా, లేపనంగా ఇంకా దొరుకుతోంది.

నెత్తురు చాక్లెట్ రంగులోకి

ఒంట్లోకి చేరిన నైట్రోబెంజీన్ ఏం చేస్తుంది? నెత్తురులోని హీమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుంది. అది ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, అవసరమైన చోట వదిలేస్తుంది. నైట్రోబెంజీన్‌ను శరీరం మార్చే క్రమంలో పుట్టే పదార్థాలు ఆ ఇనుము నుంచి ఇంకో ఎలక్ట్రాన్ లాగేస్తాయి. అలా మారిన హీమోగ్లోబిన్‌ను మీథమోగ్లోబిన్ అంటారు. దానికి ఆక్సిజన్ మోసే శక్తి ఉండదు. ఆరోగ్యవంతుల్లో ఇది నూటికి ఒకటి, రెండు పాళ్లకు మించదు. పదిహేను దాటితే పెదవులు, గోళ్లు నీలిబూడిద రంగుకు తిరుగుతాయి. డెబ్బై దాటితే ప్రాణం నిలవడం కష్టం. అలాంటి రోగి నుంచి తీసిన నెత్తురు చాక్లెట్ రంగులో ఉంటుంది, గాలి తగిలినా ఎర్రబడదు. కరోనా రోజుల నుంచి ఇంటింటా ఉన్న పల్స్ ఆక్సీమీటర్ ఇక్కడ మోసపోతుంది. పరిస్థితి ఎంత విషమించినా అంకె 85 దగ్గరే తచ్చాడుతుంది.

విరుగుడు మిథిలీన్ బ్లూ. 1876లో బీఏఎస్ఎఫ్‌లో హైన్రిష్ కారో చేసిన ఈ రంగుకు ముడిసరుకు అనిలిన్ సంతతిదే. నైట్రోబెంజీన్ వంశంలో పుట్టిన రంగును నరంలోకి ఎక్కించి, నైట్రోబెంజీన్ చెడగొట్టిన నెత్తురును బాగుచేస్తారు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు మాత్రం ఇది పనికిరాదు, హాని చేస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. నైట్రోబెంజీన్ కొవ్వులో దాక్కుని మెల్లమెల్లగా నెత్తురులోకి వస్తూంటుంది. కోలుకున్నట్టు కనిపించిన మనిషి మళ్లీ నీలంగా మారవచ్చు. అందుకే రోజుల తరబడి ఆస్పత్రిలో కనిపెట్టి ఉండాలి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థాల జాబితాలో చేర్చింది.

2005 నవంబరు 13న చైనాలోని జిలిన్ నగరంలో ఒక పెట్రోరసాయన కర్మాగారంలోని అనిలిన్ విభాగం పేలిపోయింది. సుమారు వంద టన్నుల బెంజీన్, నైట్రోబెంజీన్ వంటి పదార్థాలు సుంగారి నదిలో కలిశాయి. ఎనభై కిలోమీటర్ల పొడవున విషపు నీరు కిందికి సాగింది. దిగువనున్న హార్బిన్ నగరంలో కుళాయిలు కట్టేస్తున్నట్టు అధికారులు ప్రకటించారు. మొదట చెప్పిన కారణం పైపుల మరమ్మతు. నిజం బయటపడేసరికి జనం నీళ్ల సీసాల కోసం దుకాణాల మీద పడ్డారు. నలభై లక్షలకు దగ్గరగా ఉన్న జనాభాకు నాలుగు రోజులు నీరు అందలేదు. గడ్డకట్టే చలిలో నీటి శుద్ధి కేంద్రాలు ఉత్తేజిత బొగ్గు పొడి కలిపి నైట్రోబెంజీన్‌ను పీల్చేయాల్సి వచ్చింది.

పొలంలోకి వచ్చిన సీసా

ఇంత పనిచేసే ఈ ద్రవం ఫ్యాక్టరీ గోడల మధ్య పుట్టి, అక్కడే ఇంకో పదార్థంగా మారిపోతుంది. ఫ్రిజ్ కొన్నవాళ్లకు, జ్వరం మాత్ర వేసుకున్నవాళ్లకు ఇది తగలదు. ఒక్క చోట మాత్రం మారకుండా, తన పేరుతోనే, నేరుగా మనిషి చేతికి వస్తోంది. ఆ చోటు పొలం. మిర్చి, పత్తి, టమాటా పైర్లలో పూత బాగా రావడానికని నైట్రోబెంజీన్ 20 శాతం ఉన్న ద్రావణాలు పురుగుమందుల దుకాణాల్లో దొరుకుతాయి. రైతులు దీన్ని 'పూత మందు' అంటారు, 'టానిక్' అని కూడా అంటారు. టానిక్ అన్న మాటలో విషం ధ్వనించదు. బకెట్లో వట్టి చేత్తో కలపడం, చొక్కా తడిసేలా పిచికారీ చేయడం, అదే చొక్కాతో మధ్యాహ్నం అన్నం తినడం పొలాల్లో అలవాటే. ఈ మందును తెలిసో తెలియకో మింగి మీథమోగ్లోబిన్ పెరిగిన రోగుల కేసులు మన దేశపు వైద్య పత్రికల్లో పలుమార్లు ప్రచురితమయ్యాయి.

అందుకని ఈ అధ్యాయం చదివినవారు నాలుగు మాటలు ఊళ్లో చెప్పాలి. పూత మందు కొనేటప్పుడు లేబుల్ మీద నైట్రోబెంజీన్ ఉందేమో చూడండి. ఉంటే చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ, నిండు చేతుల చొక్కా లేకుండా కలపవద్దు, కొట్టవద్దు. ఒంటి మీద ఒలికితే వెంటనే బట్టలు విప్పేసి సబ్బు నీళ్లతో బాగా కడుక్కోండి. మందు కొట్టిన రోజు సాయంత్రం మద్యం ముట్టవద్దు, అది ఈ విషాన్ని మరింత తీవ్రం చేస్తుంది. సీసాను పిల్లలకు అందే చోట, నూనె సీసాల పక్కన, శీతల పానీయం సీసాలో పోసి పెట్టవద్దు. పసిపిల్లల నెత్తురుకు దీన్ని తట్టుకునే శక్తి ఇంకా తక్కువ.

ఎవరికైనా తలనొప్పి, ఆయాసం మొదలై పెదవులు నీలంగా కనిపిస్తే, ఇంటి దగ్గర వాంతి చేయించే ప్రయత్నాలతో పొద్దు పుచ్చకుండా 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఖాళీ అయినా సరే ఆ సీసా వెంట తీసుకుపోయి, డాక్టరుకు 'నైట్రోబెంజీన్' అని పేరుతో చెప్పండి. ఆ ఒక్క మాట వింటే ఏ విరుగుడు వెతకాలో డాక్టరుకు తెలుస్తుంది.